లరాష్, లిక్సస్: ఒక సాయంత్రం, ఒక ఉదయంలో చూసి రావడం ఎలా

మొరాకో అట్లాంటిక్ తీరంలో, టాంజియర్‌కు దక్షిణంగా సుమారు 85 కిలోమీటర్ల దూరంలో, లూకోస్ నది మొగ దగ్గర ఉన్న ఊరు లరాష్. అరబీలో అల్ అరాయిష్ అంటారు. నదికి ఎడమ ఒడ్డున ఊరు. వంతెన దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే కుడి ఒడ్డున దాదాపు 80 మీటర్ల ఎత్తు గుట్ట. దాని మీద, దాని పాదాల దగ్గర లిక్సస్ శిథిలాలు. ఫినీషియన్ వర్తకులు క్రీ.పూ. 8వ శతాబ్దానికే ఇక్కడ దిగారు. తర్వాత మౌరిటానియా (ఇప్పటి దేశం కాదు, ఈ ప్రాంతపు ప్రాచీన రాజ్యం) రాజులు, ఆ పైన రోమన్లు వచ్చారు. చివరి పొరల్లో ఇస్లాం తొలి రోజుల కట్టడాలు కూడా ఉన్నాయి.

ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది టాంజియర్ నుంచి రబాత్ పోతూ ఒక గంట దిగి, గుట్టెక్కి, "నాలుగు రాళ్లు తప్ప ఏమున్నాయి?" అనుకుని వెళ్లిపోతారు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు రావడం ఒక కారణం. కిందున్న, ఒకప్పుడు చేపలు ఊరబెట్టిన రాతి తొట్టెలను వదిలేసి నేరుగా పైకి పోవడం ఇంకో కారణం. అన్నిటికన్నా పెద్దది, ఇక్కడ దొరికిన మంచి మొజాయిక్‌లూ (రంగు రాళ్ల ముక్కలు పేర్చి చేసిన నేల బొమ్మలు) కంచు బొమ్మలూ ఇక్కడ లేవని తెలియకపోవడం. కాబట్టి సాయంత్రానికి లరాష్ చేరి ఊరు చూడండి, రాత్రి అక్కడే ఉండండి, పొద్దున్నే లిక్సస్‌కు వెళ్లండి. వీలైతే ఆ తర్వాత, ఆ మొజాయిక్‌లున్న టెటువాన్ ఊరి మ్యూజియం. ఈ వరస మార్చకపోవడమే మంచిది.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్, మే నెలలు అన్నిటికన్నా మేలు. సెప్టెంబరు చివర, అక్టోబరు ఆ తర్వాతి మాట. జులై, ఆగస్టుల్లో మొరాకో వాళ్లే బీచ్‌ల కోసం కుటుంబాలతో వస్తారు, గదులు దొరకవు, రేట్లు పెరుగుతాయి. గుట్ట మీద నీడ ఇచ్చే చెట్లు బాగా తక్కువ. నవంబరు నుంచి మార్చి దాకా వానలు. తడిసిన సున్నపురాయి మీద కాలు జారుతుంది, బాట బురదవుతుంది. వసంతంలో వచ్చే చిక్కు వేరు. గడ్డి మోకాలి ఎత్తు పెరిగి, నోరు తెరుచుకుని ఉన్న పాత నీటి తొట్టెలను కప్పేస్తుంది. బాట వదిలి గడ్డిలో అడుగు వేయకండి. పిల్లలుంటే చెయ్యి వదలకండి.

రంజాన్ నెల అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ నెలలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. మిగతా ఏడాదంతా మొరాకో సమయం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, రంజాన్‌లో ఐదున్నర. చూడదగ్గ చోట్లు తొందరగా మూసేస్తారు, పగలు తిండి దొరకడం కష్టం.

కాగితాలు, డబ్బు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా ముందే తీసుకోవాలి. మొరాకో ప్రభుత్వ ఈ-వీసా సైట్‌లో దరఖాస్తు చేయొచ్చు; దాని మీద ఒక్కసారి ప్రవేశం, 30 రోజుల దాకా బస. అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టులున్న మనవాళ్లకు 90 రోజుల వరకు వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా పాస్‌పోర్టు భారతదేశానిదే అయితే వీసా కావాల్సిందే. ఈ తేడా గమనించక విమానాశ్రయం కౌంటర్ దగ్గరే ఆగిపోయేవాళ్లున్నారు. డ్రోన్ తేవద్దు. ముందస్తు అనుమతి లేకపోతే కస్టమ్స్‌లోనే తీసేసుకుంటారు.

మొరాకో డబ్బు దిర్హమ్, దేశం బయట సులువుగా దొరకదు. రూపాయలు అక్కడ మారవు. యూరోలు తీసుకెళ్లి విమానాశ్రయంలో కొంత మార్చుకోండి, మిగతాది ఏటీఎంలో తీయండి. వాటిలో చాలావరకు ఒకసారికి 2,000 దిర్హమ్‌ల దాకానే ఇస్తాయి. వచ్చేవి 200 నోట్లు. వాటిని దుకాణంలోనో బస్‌స్టేషన్‌లోనో చిల్లర చేసుకున్నాకే టాక్సీ ఎక్కండి. లిక్సస్ టికెట్టుకు, టాక్సీకి, టీ కొట్టుకు నగదే కావాలి, అదీ 10, 20, 50 నోట్లయితే గొడవ ఉండదు.

లరాష్ చేరడం

హైదరాబాద్ నుంచి మొరాకోకు నేరుగా విమానం లేదు. దుబాయ్, అబుదాబి, దోహాల మీదుగా కాసాబ్లాంకాకు వెళ్లడం మామూలు దారి. విమానాశ్రయం కిందనే రైలు స్టేషన్ ఉంది. అక్కణ్నుంచి కాసా వొయాజర్ స్టేషన్‌కు వచ్చి, అల్ బొరాక్ హైస్పీడ్ రైలెక్కితే రెండుంపావు గంటల్లోపే టాంజియర్‌లో ఉంటారు. ఈ రైలు 2018 నవంబరులో మొదలైంది. లరాష్ వైపు నుంచే పోతుంది కానీ అక్కడ ఆగదు, ఆ మాటకొస్తే లరాష్‌కు ప్రయాణికుల రైలు స్టేషనే లేదు. కాబట్టి చివరి భాగం రోడ్డు మీదే.

దీనికి మూడు మార్గాలున్నాయి. టాంజియర్ నుంచి సీటీఎం అనే కంపెనీ బస్సు: సీటు నంబరు ఉంటుంది, సామానుకు విడిగా చీటీ ఇస్తారు, చెప్పిన వేళకు బయల్దేరుతుంది. పెట్టెలు పెద్దవైతే ఇదే మేలు. రెండోది గ్రాండ్ టాక్సీ, అంటే ఊరికీ ఊరికీ మధ్య తిరిగే షేర్ టాక్సీ. ఆరుగురు నిండితేనే కదులుతుంది. కిక్కిరిసి కూర్చోవడం ఇష్టం లేకపోతే ఇద్దరు కలిసి మూడు సీట్ల డబ్బు ఇవ్వొచ్చు, అది అక్కడ వింతేమీ కాదు. బండి మొత్తం కావాలంటే ఆరు సీట్ల డబ్బు. చీకటి పడ్డాక జనం తగ్గుతారు, బండి నిండదు, అప్పుడు డ్రైవరు మొత్తం బండి మాట్లాడుకోమంటాడు. నాలుగింటిలోపు స్టాండుకు చేరితే ఆ బేరం తప్పుతుంది.

మూడోది, తీరిక ఉన్నవాళ్లకు: టాంజియర్ నుంచి మామూలు రైల్లో అసిలా దిగి ఆ తెల్లటి ఊరు కాసేపు చూసి, అక్కణ్నుంచి గ్రాండ్ టాక్సీలో లరాష్. అసిలా నుంచి దూరం సుమారు 40 కిలోమీటర్లు. దక్షిణం నుంచి వచ్చేవాళ్లకు రబాత్ నుంచి సుమారు 170 కిలోమీటర్లు; సొంత కారయితే ఏ5 మోటార్‌వే మీద టోల్ కట్టుకుంటూ రావాలి.

సాయంత్రం: ఊళ్లో నడక

విమోచన చౌక్ నుంచి మొదలుపెట్టండి. ప్లాస్ ద లా లిబెరాసియోన్ అని బోర్డులుంటాయి, పాతవాళ్లు ఇప్పటికీ ప్లాసా దె ఎస్పాన్యా అనే అంటారు. స్పెయిన్ 1911 నుంచి 1956 దాకా ఇక్కడ పాలించింది. చుట్టూ కమాన్ల వరండాలున్న భవనాలు, మధ్యలో ఫౌంటెన్, కాఫీ హోటళ్లు. బస కూడా ఈ చుట్టుపక్కల చూసుకుంటే మంచిది. పాత ఊరి లోపలి చిన్న అతిథి గృహాలు ముచ్చటగా ఉంటాయి కానీ మెట్ల సందుల్లో పెట్టె ఈడ్చాలి. ఫ్రెంచి కన్నా స్పానిష్ ఇక్కడ ఎక్కువ పని చేస్తుంది. అరబీలో రెండు మాటలు చాలు: "బ్శ్‌హాల్?" అంటే ఎంత, "శుక్రన్" అంటే కృతజ్ఞతలు.

చౌక్‌కు ఆనుకునే పాత ఊరి దర్వాజా, బాబ్ అల్ ఖమీస్. అది దాటగానే జోకో చికో: రెండు వైపులా రాతి స్తంభాల వరండాలతో పొడవాటి బజారు. బట్టలు, పుదీనా కట్టలు, పాత సామాన్లు. మొరాకోలో పర్యాటకుల కోసం సర్దిపెట్టిన బజార్లు చూసి విసిగినవాళ్లకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే ఇక్కడ కొనేది ఊరివాళ్లే. ఎవరూ చెయ్యి పట్టి లాగరు. బజారు చివరి నుంచి సందులన్నీ రేవు వైపే దిగుతాయి, దారి తప్పే భయం లేదు. పల్లానికి నడిస్తే నీళ్లు వస్తాయి.

కోటలు రెండు. నది వైపు చూసేది కొంగల కోట. సముద్రం అంచున కూలిపోతున్నది గోపురాల కోట, దాన్ని దూరం నుంచే చూడండి, గోడల కిందికి వెళ్లొద్దు. 1578 ఆగస్టు 4న ఇక్కడికి దగ్గర్లోనే, క్సార్ ఎల్ కబీర్ వద్ద, పోర్చుగల్ రాజు సెబాస్టియన్ సేన తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత సుల్తాన్ అహ్మద్ అల్ మన్సూర్ ఈ రేవును బలపరిచాడు. అయినా 1610లో ఊరు స్పెయిన్ చేతికి పోయింది, అదీ యుద్ధంలో కాదు: సింహాసనం కోసం కొట్టుకుంటున్న ఒక వారసుడు సాయానికి బదులుగా ఇచ్చేశాడు. 1689లో మౌలే ఇస్మాయిల్ ముట్టడించి తిరిగి తెచ్చుకున్నాడు.

పొద్దు గుంకే వేళకు బాల్కన్ అట్లాంటికో అనే తీరపు నడకదారికి చేరండి. ఊరంతా అక్కడే ఉంటుంది. రేవులో పడవల ఫొటోలు తీసుకోవచ్చు. పోలీసుల్నీ నావికాదళం వాళ్లనీ మాత్రం తీయకండి. ఫ్రెంచి రచయిత జాన్ జెనే సమాధి కూడా ఇక్కడి పాత స్పానిష్ శ్మశానంలో సముద్రం వైపు ఉంది. చూడాలంటే వెలుతురు ఉండగానే వెళ్లాలి, కాపలాదారు తలుపు తీస్తే ఒక చిన్న నోటు చేతిలో పెట్టడం మర్యాద.

తిండి సంగతి. చేపలు తినేవాళ్లకు లరాష్‌లో లోటు లేదు. రేవు దగ్గరి చిన్న హోటళ్లలో సార్డీన్లు, చిన్న చేపలు, కటిల్ ఫిష్ కలిపి వేయించిన పళ్లెం అడగండి. శాకాహారులు జాగ్రత్తగా అడగాలి: కూరగాయల తాజీన్ (మట్టిపాత్రలో వండే కూర) అన్నా అందులో మాంసం ముక్క పడి ఉండొచ్చు, హరీరా సూపులోనూ అంతే. "బ్లా ల్హమ్" అంటే మాంసం లేకుండా అని. అన్నిటికన్నా నమ్మకమైనది బిసారా, ఎండిన బాకలా (ఫావా బీన్స్) గింజల చిక్కటి పప్పుచారు లాంటిది, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి, కారం. ఉత్తర మొరాకోలో అది పొద్దుటి టిఫిను. మధ్యాహ్నానికి అయిపోతుంది కాబట్టి లిక్సస్ వెళ్లే ముందే తినేయండి.

ఉదయం: లిక్సస్ చేరడం

నడిచి వెళ్లొద్దు. దూరం తక్కువే అయినా దారి అంతా ఎన్1 జాతీయ రహదారి; లారీలు, అంచున నడవడానికి చోటు లేదు. ఊళ్లో తిరిగే పెటీ టాక్సీ మాట్లాడుకోండి, ముగ్గురికి మించి ఎక్కనివ్వరు. వెళ్లేటప్పుడు టాక్సీ దొరకడం కష్టం కాదు. తిరిగి రావడానికే చిక్కు, లిక్సస్ దగ్గర టాక్సీ స్టాండు ఉండదు. రోడ్డు పక్కన చెయ్యి ఊపితే నిండిన గ్రాండ్ టాక్సీలు ఆగకుండా పోతుంటాయి. అందుకని ఎక్కేముందే రానూపోనూ బేరం చేసి, మూడు గంటల తర్వాత ఫలానా వేళకు రమ్మని చెప్పి, డ్రైవరు ఫోన్ నంబరు తీసుకోండి. మొత్తం డబ్బు తిరిగొచ్చాకే ఇవ్వండి. అతను అక్కడే కాచుకుని ఉండాలంటే అందుకు వేరే లెక్క. వేసవిలో రాస్ ర్మెల్ బీచ్‌కు పోయే సిటీ బస్సులు ఇటుగానే వెళ్తాయి, వాటిలోనూ దిగొచ్చు.

తెరిచే వేళకే చేరండి. వేళలు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి ముందు రాత్రి బస చేసినచోట అడిగి పెట్టుకోండి. మనిషికి లీటరున్నర నీళ్లు, టోపీ, మడమలు మూసిన బూట్లు. చెప్పులతో పైకి వెళ్తే ముళ్లూ కంకరా బాధిస్తాయి. గేటు దగ్గర కొత్తగా కట్టిన సందర్శకుల కేంద్రం ఉంది; మరుగుదొడ్డి పని అక్కడే చూసుకోండి, పైన ఏమీ లేదు. లోపలి పటాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పైన బోర్డులు తక్కువ, ఆ ఫొటోనే మీ దారి.

మొదట కింద: చేపల తొట్టెలు

గుట్ట పాదం దగ్గర, రోడ్డు పక్కనే ఉన్న రాతి గదుల్ని దాటుకుని పైకి పోవద్దు. లిక్సస్ డబ్బంతా ఇక్కడ పుట్టింది. తవ్వకాల్లో 10 కర్మాగారాలు, వాటిలో 147 తొట్టెలు లెక్కకొచ్చాయి. అన్నీ కలిపితే 10 లక్షల లీటర్లకు పైగా పడతాయి. పశ్చిమ మధ్యధరా ప్రాంతంలోని బాగా పెద్ద చేపల ఊరగాయ కేంద్రాల్లో ఇదొకటి. మౌరిటానియా రాజు రెండో జూబా కాలంలో మొదలై కొన్ని శతాబ్దాలు నడిచింది.

ఒక తొట్టె అంచున నిలబడి మూలలు చూడండి. గోడ, నేల కలిసే చోట పదునైన మూల ఉండదు, గుండ్రంగా గచ్చు మెత్తి ఉంటుంది. మూలల్లో పాత చేప ఇరుక్కుంటే కొత్త సరుకు చెడుతుంది కదా, కడగడానికి వీలుగా అలా చేశారు. ఆ గచ్చులో ఎర్రటి పలుకులు కనిపిస్తాయి. సున్నంలో దంచిన ఇటుక, కుండపెంకుల పొడి కలిపినందువల్ల నీరు ఇంకదు. ముక్కలు కోసిన చేపా ఉప్పూ పొరలు పొరలుగా వేసి కొన్ని తొట్టెల్లో ఉప్పుచేప చేసేవారు. పేగులు, చిన్న చేపలు ఉప్పుతో ఎండలో వారాల తరబడి మగ్గబెట్టి ఊరిన రసం తీస్తే అది గారం. రోమన్ వంటింట్లో ఉప్పుకు బదులు వాడిన ద్రవం. మట్టి జాడీల్లో పోసి ఓడలకెక్కించేవారు.

ఇదంతా ఇక్కడే ఎందుకంటే, తొట్టెలకు వీపు పెట్టి నది వైపు తిరగండి. కిందనే ఉప్పుమళ్లు కనిపిస్తాయి. ట్యూనా చేపలు గుడ్లు పెట్టడానికి అట్లాంటిక్ నుంచి జిబ్రాల్టర్ జలసంధి గుండా మధ్యధరాలోకి పోయేది ఈ తీరాన్ని ఆనుకునే. ఓడ నిలవడానికి నది. ఇప్పుడు పొలాలూ చిత్తడీ అయిన ఆ పల్లమంతా ఒకప్పుడు నీరే. గుట్ట చుట్టూ నీళ్లుండే అఖాతాన్ని లూకోస్ ఒండ్రు మట్టితో పూడ్చేసింది. ఊరు చివరికి నది మొగ వైపు జరిగిపోవడంలో ఆ పూడికకు పెద్ద పాత్రే ఉంది. అరగంట ఇక్కడే గడపండి. తొట్టెల్లోకి దిగకండి, అంచులు విరిగే స్థితిలో ఉన్నాయి, లోపలి గచ్చు మీద కాలు పెడితే పెచ్చులూడుతుంది.

తర్వాత మధ్యలో, ఆ పైన శిఖరం

కంచె వెంబడి బాట పట్టి ఎక్కితే వాలులో తొలిచినట్టు ఆంఫీథియేటర్ వస్తుంది. మెట్లు అర్ధచంద్రంలా థియేటర్‌వే, కింద బరి మాత్రం దాదాపు గుండ్రం, చుట్టూ మనిషి ఎత్తుకు మించిన గోడ. నాటకం ఒక్కటే అయితే అంత గోడ అక్కర్లేదు; జంతువుల పోరాటాలకు అది కావాలి. రెండూ కలిసిన ఇలాంటి కట్టడం మొరాకోలో ఇదొక్కటే. దాన్ని ఆనుకునే తర్వాతి కాలపు స్నానశాలలు. సముద్రదేవుడి ముఖమున్న మొజాయిక్ ఈ స్నానశాలలదే, బాగా దెబ్బతింది. రక్షణ కోసం కప్పి ఉంచితే ఇసుక తోసి చూడాలని ప్రయత్నించకండి. కాపలాదారులు తామే చూపిస్తామని వస్తారు. వాళ్లలో తవ్వకాల్లో పని చేసినవాళ్లుంటే అడిగినవన్నీ చెబుతారు. ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి.

శిఖరం మీద గుళ్ల వాడ. గోడల పునాదులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఏది ఎప్పటిదో కంటికి తెలియదు. ఒక చిట్కా: పెద్ద పెద్ద చెక్కిన బండలు పొందికగా పేర్చినవి సాధారణంగా పాతవి. చిన్న రాళ్లు సున్నంతో కట్టినవి తర్వాతివి. గ్రీకు, రోమన్ కథల వీరుడు హెర్క్యులిస్‌కు ఇక్కడున్న గుడి స్పెయిన్‌లోని కాదిస్ గుడి కన్నా పాతదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. తవ్వకాల్లో అంత పాత ఆధారం దొరకలేదు. గ్రీకు కథల్లోని బంగారు పండ్లున్న హెస్పరిడిస్ తోట, దాన్ని కాసే డ్రాగన్ ఇక్కడివేనని కథ. ఆ డ్రాగన్ అంటే నది ఒడ్డు విరిచి పాయలుగా తిరిగే అఖాతమేనని వివరించింది కూడా ప్లినీయే. పైనుంచి కిందికి చూడండి, లూకోస్ మెలికలు చూస్తే ఆయన మాట తోసిపుచ్చలేం. ఉదయమైతే ఎండ వెనక నుంచి పడి, దూరంగా తెల్లటి లరాష్, సముద్రం స్పష్టంగా కనిపిస్తాయి. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. దిగువ లూకోస్ చిత్తడి నేలలు 2005 నుంచి రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితా) ఉన్నాయి, వలస పక్షులకు పేరు.

దిగేటప్పుడు ధనవంతుల ఇళ్ల పునాదులు తగులుతాయి. మార్స్–రియా ఇల్లు, ముగ్గురు గ్రేసుల ఇల్లు, హీలియోస్ ఇల్లు అని వాటిలో దొరికిన మొజాయిక్‌ల పేర్లే పెట్టారు. నేలలు మాత్రం ఖాళీ. ఊరి మొత్తంలో తవ్వింది కొద్ది భాగమే కాబట్టి ఎదురుగా దిబ్బలా కనిపించే ప్రతిదాని కిందా ఏదో ఉందనే లెక్క. పెంకు ముక్క కూడా తీసుకుపోవద్దు, అది నేరం.

మొజాయిక్‌లు ఎక్కడ చూడాలి

టెటువాన్ పురావస్తు మ్యూజియంలో. లిక్సస్ నుంచి తీసిన మంచి మొజాయిక్‌లు అక్కడి గోడల మీద, తోటలో ఉన్నాయి. ఇళ్లు చూసొచ్చిన కళ్లతో చూస్తేనే అవి అర్థమవుతాయి, అందుకే ముందు లిక్సస్, తర్వాత టెటువాన్. హెర్క్యులిస్, గ్రీకు కథల్లోని రాక్షసుడు ఆంటియస్ కుస్తీ పట్టే కంచు బొమ్మ మాత్రం రబాత్‌లోని చరిత్ర, నాగరికతల మ్యూజియంలో ఉంది. మొరాకోలో మ్యూజియాలకు మంగళవారం సెలవు పెట్టడం అలవాటు, ఆ రోజు తగలకుండా చూసుకోండి.

సొంత కారు ఉన్నవాళ్లు ఇంకొకటి కలుపుకోవచ్చు. లరాష్, అసిలాల మధ్య సిదీ అల్ యమనీ సంత దగ్గర మ్సోరా రాతి వలయం ఉంది: ఒక దిబ్బ చుట్టూ 167 నిలువు రాళ్లు, అన్నిటికన్నా పెద్దది ఐదు మీటర్లకు పైనే. ఆంటియస్ సమాధి ఇదేనని ప్రాచీనులు చెప్పుకున్నారు. చివరి కొన్ని కిలోమీటర్లు పొలాల మధ్య దారి, బోర్డులు సరిగా ఉండవు, సంతలో అడిగి వెళ్లాలి. ముందురోజు వాన పడితే చిన్న కారు బురదలో దిగబడుతుంది. ఆ రోజుకు వదిలేసి మోటార్‌వే పట్టండి.